ఆంప్లిఫైయర్‌లో ఒక చానల్ పోయిందా? ట్రాన్సిస్టర్లు కొనే ముందు ఇది చదవండి

స్టీరియో ఆంప్లిఫైయర్‌లో ఒక సైడ్ మోగకపోతే చాలామంది నేరుగా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చేస్తారు. స్విచ్ వేయగానే కొత్తవి కూడా టప్పుమని పోతాయి. ఆ తర్వాతే సెట్టు నా దగ్గరికి వస్తుంది. అప్పటికి బోర్డు మీద ప్రింట్ (రాగి గీతలు) కూడా లేచిపోయి ఉంటుంది.

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, డీసోల్డరింగ్ పంపు, సీరీస్ బోర్డు ఉంటే చాలు. సీరీస్ బోర్డు అంటే ఫేజ్ వైరు మధ్యలో పెట్టిన 100 వాట్ల బల్బు, లోపల షార్ట్ ఉంటే కరెంటును అదే అదుపు చేస్తుంది. అది పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. సీరీస్ బోర్డు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మూత తీయక ముందు

బాలెన్స్ నాబ్ చూడండి. ఇన్‌పుట్ పిన్నులు, స్పీకర్ వైర్లు ఒక్కొక్కటిగా అటూ ఇటూ మార్చి చూడండి. వాల్యూమ్ బాగా పెంచినప్పుడు మాత్రమే ఆ సైడ్ ఒక్కసారిగా వస్తుంటే స్పీకర్ రిలే (స్పీకర్‌ను కలిపే, విడదీసే స్విచ్) మీద అనుమానం పెట్టుకోండి. కాంటాక్టుల్ని ఎమరీ పేపర్‌తో రుద్దకండి, రిలేనే మార్చండి.

మూత తీశాక

ప్లగ్ పీకండి. పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో ఇంకా ఛార్జ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం మెకానిక్‌తనం కాదు. 100 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కో కెపాసిటర్‌కు పది సెకన్లు పట్టించి, మీటర్‌తో చూసుకోండి.

ఆ చానల్ ఫ్యూజులు చూడండి. తర్వాత మీటర్‌ను డయోడ్ రేంజ్‌లో పెట్టి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్, ఎమిటర్ మధ్య చూడండి. బీప్ వస్తే షార్ట్. మూడు జతలు పారలల్‌లో ఉంటే ఒక్కటి షార్టయినా ఆ వైపు మూడూ షార్టయినట్టే చూపిస్తాయి కాబట్టి ఒక్కోటీ విప్పి చూడాలి. సర్క్యూట్ డయాగ్రమ్ లేదని టెన్షన్ పడక్కర్లేదు, పక్కన మోగుతున్న చానలే మీ డయాగ్రమ్. ఇక్కడ తీసిన ప్రతి రీడింగ్ అక్కడా తీసి పోల్చండి.

అసలు తంటా ఇక్కడే

ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒంటరిగా పోవడం తక్కువ. పోతూ పోతూ తనను నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్నీ, 0.22 లేదా 0.33 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్నీ, బేస్ రెసిస్టర్నీ వెంట తీసుకుపోతుంది. వీటిలో ఒక్కటి చెడ్డది మిగిలినా కొత్త ట్రాన్సిస్టర్లు బతకవు. అందుకే డ్రైవర్లను విప్పి, బయట పెట్టి టెస్ట్ చేయండి. బోర్డు మీద ఉండగా వచ్చే రీడింగ్ నమ్మొద్దు.

హీట్ సింక్‌కు (ట్రాన్సిస్టర్ల వేడి లాగే అల్యూమినియం ముక్కకు) బిగించిన చిన్న బయాస్ ట్రాన్సిస్టర్‌ను, అంటే పాట లేనప్పుడు ఔట్‌పుట్‌లో పారే కొద్దిపాటి కరెంటును (బయాస్) నిర్ణయించేదాన్ని, చాలామంది పట్టించుకోరు. అది ఓపెన్ అయితే ఔట్‌పుట్ రెండు వైపులా పూర్తిగా ఆన్ అయిపోతుంది. దాన్నీ, దాని ప్రీసెట్‌నీ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి మార్చే చిన్న రెసిస్టర్‌నీ) చూడకుండా ముందుకు వెళ్లకండి.

ఔట్‌పుట్‌కు 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్లు వేస్తుంటే జతగా, ఒకే షాపులో, ఒకే లాట్‌వి కొనండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనే కొన్నా సరే, సగం ధరకు ఇస్తామంటే అవి నకిలీవే అనుకోండి. వీటి వెనుక లోహం కలెక్టర్‌కు కలిసి ఉంటుంది కనుక హీట్ సింక్‌కు మధ్యలో మైకా (కరెంటును ఆపే పల్చని పొర) తప్పనిసరి. రబ్బరు ప్యాడ్ నేను వాడను, మీరూ వాడకండి. మైకాకు రెండు వైపులా పల్చగా హీట్ సింక్ పేస్ట్ రాసి బిగించాక, కలెక్టర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య బీప్ రాకూడదు. నల్ల హీట్ సింక్ పూత కరెంటును ఆపుతుంది. దాని మీద ప్రోబ్ పెడితే షార్ట్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది. అల్యూమినియం తేలేలా ఒక చోట గీకి అక్కడ పెట్టండి.

ముందు ఒకే జత వేయండి. స్పీకర్ లేకుండా పరీక్షించడానికి అది చాలు, తేడా వచ్చినా మిగతా జతలు మిగులుతాయి. ప్రీసెట్‌ను మంచి చానల్‌లో ఉన్నట్టే పెట్టండి.

స్విచ్ వేయడం

స్పీకర్ తీసేసి, సీరీస్ బోర్డు మీద స్విచ్ వేయండి. బల్బు ఒకసారి వెలిగి మందగించాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, డ్రైవర్ల దగ్గర్నుంచి మళ్లీ చూసుకోండి. “బల్బు వల్లే అలా వస్తుందేమో” అని దాన్ని తీసేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల వల్లే ట్రాన్సిస్టర్ షాపులు నడుస్తున్నాయి.

మందగిస్తే స్పీకర్ పాయింట్‌లో, రిలేకు ముందు వైపు, డీసీ వోల్టేజ్ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో ఉంటే స్పీకర్ పెట్టొద్దు, కాయిల్ కాలిపోతుంది.

అంతా బాగుంటే స్విచ్ ఆపి, మిగతా జతలు వేసి, బల్బు మీదే మరోసారి చూడండి. ఆ తర్వాతే బల్బు తీయండి. బయాస్ అప్పుడే సెట్ చేయాలి, ఎందుకంటే బల్బు ఉండగా వోల్టేజ్ తక్కువ వస్తుంది. పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఎమిటర్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు చూస్తూ ప్రీసెట్‌ను కొద్దికొద్దిగా తిప్పి, మంచి చానల్‌తో సమానం చేయండి. 0.22 ఓమ్ మీద 10 మిల్లీవోల్టులు అంటే సుమారు 45 మిల్లీయాంపులు. రెండు సైడ్ల మధ్య ఒకటి రెండు మిల్లీవోల్టుల తేడా ఉంటే వదిలేయండి.

స్పీకర్ కలిపేటప్పుడు మొదట ఇంట్లో మూలన పడున్న పాతదొకటి కలపండి.