ఆఫీసు ఇంగ్లిష్, 7వ పాఠం: ‘అంటే’తో వచ్చిన చిక్కు

పోయిన పాఠంలో ‘ఐ.ఇ.’కి ‘అంటే’ అని, ‘ఇ.జి.’కి ‘ఉదాహరణకు’ అని చెప్పి ముందుకు వెళ్లిపోయాం. అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఇ.జి. ఉండాల్సిన చోట ఐ.ఇ. వరస కట్టింది. తప్పు మీది కాదు, ఆ ‘అంటే’ది. కాబట్టి ఈసారి రావాల్సిన ఏ.ఎం., పి.ఎం. వచ్చే పాఠానికి. ఇవాళ మళ్లీ ఇదే.

మన ‘అంటే’ రెండు పనులు చేస్తుంది. ‘వీకెండ్ అంటే శని, ఆదివారాలు’ అన్నప్పుడు అటూ ఇటూ ఉన్నది ఒకటే. ‘టిఫిన్లంటే ఇడ్లీ, దోసె, వడ’ అన్నప్పుడు మాత్రం పూరీని, ఉప్మాని ఎవరూ వెలివేయలేదు. నోటికొచ్చిన మూడు చెప్పాం, అంతే. తెలుగు వినేవాళ్లకు ఈ తేడా అడక్కుండానే తెలుస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో ఈ రెండో ‘అంటే’కి ఐ.ఇ. పెడితే, ఉన్నవి ఆ మూడు టిఫిన్లే అని చదువుతారు.

లాటిన్‌లో ఐ.ఇ. పూర్తి రూపం ‘ఇడ్ ఎస్ట్’, అంటే ‘అది ఇదే’ అన్నట్టు. ఇ.జి. పూర్తి రూపం ‘ఎగ్జెంప్లి గ్రాషియా’, అంటే ‘ఉదాహరణ కోసం’. ‘ఎగ్జాంపుల్ గివెన్’ అనేది ఎవరో కల్పించిన విస్తరణ. గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తే ఉంచుకోండి, ఇంటర్వ్యూలో మాత్రం చెప్పకండి.

పరీక్ష తెలుగులోనే చేయండి. జాబితా చివర ‘లాంటివి’ తగిలించండి. వాక్యం నిలబడితే ఇ.జి. ‘ఇంతే, ఇంకేం లేవు’ అని తగిలిస్తే నిజంగా ఉంటే ఐ.ఇ. రెండూ కుదురుతున్నాయంటే మీరు చెప్పదలుచుకున్నది మీకే తేలలేదన్నమాట. అలాంటప్పుడు పొడి అక్షరాలు మానేసి ‘ఫర్ ఎగ్జాంపుల్’ అనో, ‘దట్ ఈజ్’ అనో పూర్తిగా రాయండి.

ఇది వ్యాకరణం పట్టింపు అనుకునేవాళ్లు బెంగళూరులో తమ అద్దె ఒప్పందం ఒకసారి తీసి చూడాలి. ‘మెయింటెనెన్స్ చార్జీలు, ఐ.ఇ., లిఫ్ట్, సెక్యూరిటీ, మెట్ల లైట్లు’ అని ఉంటే మెయింటెనెన్స్ పేరుతో అడగగలిగినవి ఆ మూడే. అక్కడే ఇ.జి. ఉంటే అవి మచ్చుకు మూడు. రేపు ట్యాంకర్ నీళ్లను నాలుగోదిగా చేర్చినా ఆ వాక్యం ఓనర్‌కి అడ్డు చెప్పదు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల ధరలు ఎగబాకినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. మూడింటికే ఒప్పుకుని ఇ.జి. ఉన్న కాగితం మీద సంతకం పెడితే నష్టం మీకు. అన్నీ కలుపుకోవాలనుకుని ఐ.ఇ. రాయించుకుంటే నష్టం ఓనర్‌కి. నన్నడిగితే ఒప్పందాల్లో రెండూ వద్దు. ఏవేవి ఇందులోకి వస్తాయో పేరుపేరునా రాసి, ‘వీటికి మించి ఏమీ లేవు’ అని ఒక వాక్యం చేర్చండి.

హెచ్.ఆర్. మెయిల్‌లోనూ ఇంతే. ‘మొదటి రోజు ఫొటో ఉన్న ఐడీ, ఐ.ఇ., ఆధార్ తీసుకురండి’ అని చదివినవాళ్లు పాస్‌పోర్టు జేబులో ఉండి కూడా ఆధార్ కోసం ఇంటికి తిరిగి వెళ్తారు. ఏ ఐడీ అయినా చాలనుకుంటే అక్కడ ఇ.జి. రాయాలి.

ఇక ‘ఎట్‌సెట్రా’. స్పెల్లింగ్ ఇ, టి, సి, చివర చుక్క. నోటితో ‘ఎక్సెట్రా’ అనేవాళ్ల చేతిలో అది ఇ, సి, టి అయిపోతుంది. ‘ఎట్’ అంటేనే ‘మరియు’. దాని ముందు ఇంకో ‘అండ్’ పెట్టడం ‘బండి రివర్స్ వెనక్కి తియ్యి’ అన్నట్టే. తెలుగులో ‘ఉదాహరణకు ఇడ్లీ, దోసె మొదలైనవి’ అని హాయిగా అంటాం కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఇ.జి.తో మొదలుపెట్టి ఎట్‌సెట్రాతో ముగిస్తాం. ఇంకా ఉన్నాయని ఇ.జి. ముందే చెప్పేసింది, చివర్లో మళ్లీ అక్కర్లేదు. ఐ.ఇ. తర్వాత ఎట్‌సెట్రా అయితే మరీ దారుణం: తలుపు మూసి గడియ పెట్టకపోవడం.

‘విజ్.’ ప్రభుత్వ ఉత్తరాల్లో కనిపిస్తుంది. ‘రెండు పత్రాలు, విజ్., పాన్, ఆధార్’ అన్నట్టు, ముందు లెక్క చెప్పి తర్వాత పేర్లు చదవడానికి. కొత్తగా రాసేటప్పుడు ‘నేమ్లీ’ చాలు. ‘ఎట్ ఆల్.’, అంటే ‘మరికొందరు’, పరిశోధన పత్రాలు రాసేవాళ్లకే కావాలి. చుక్క ‘ఆల్’ తర్వాతే, ‘ఎట్’ పూర్తి మాట కాబట్టి దానికి చుక్క లేదు. పరిశోధన పత్రాలు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి పుస్తకం 2019లో వచ్చిన 7వ కూర్పు ప్రకారం రచయితలు ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే పత్రం మధ్యలో తొలిసారి నుంచే మొదటి పేరు, ఎట్ ఆల్. సరిపోతాయి.

కామాల సంగతి క్లయింటును బట్టి. అమెరికా పద్ధతిలో ఐ.ఇ., ఇ.జి. రెండింటికీ అక్షరం అక్షరానికీ చుక్క, ఆ తర్వాత కామా. బ్రిటన్‌లో కామా తరచు ఉండదు, కొందరు చుక్కలూ పెట్టరు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు శైలి అయితే వీటిని వాడొద్దనే అంటుంది. చూపు లేనివాళ్లకు తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని తప్పుగా పలకడం అందుకు ఒక కారణం. నా అలవాటు: బ్రాకెట్ల లోపల పొట్టి రూపం, వాక్యం నడిమధ్య పూర్తి మాటలు. ఒకే ఫైల్లో రెండు పద్ధతులు కలపకండి.

అభ్యాసం. ఖాళీలో ఏది వస్తుందో రాయండి, ఎందుకో కూడా రాయండి.

కర్ణాటక సరిహద్దు రాష్ట్రాలు, __, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు.

బెంగళూరు నమ్మ మెట్రోలో పర్పుల్, గ్రీన్ లైన్లు కలిసే స్టేషన్, __, మెజెస్టిక్.

దక్షిణాది భాషలు, __, తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం.

మూడోదానికి తొందరపడకండి. మీ జవాబును మంగళూరు నుంచి వచ్చిన తుళు సహోద్యోగి చదువుతారనుకోండి.

అసలు పని ఇంకా ఉంది. గత నెల మీరు పంపిన మెయిళ్లలో ఐ.ఇ. ఉన్న ప్రతి వాక్యాన్నీ వెతికి పట్టుకోండి. ఒక్కొక్కదానికీ ‘లాంటివి’ పరీక్ష పెట్టి, ఐ.ఇ. తప్పని తేలినవాటిని లాటిన్ పొడి అక్షరం ఒక్కటీ లేకుండా తిరగరాయండి. ఎవరైనా ఆ తప్పు మెయిల్ నమ్మి ఇప్పటికే ఏదో పని మొదలుపెట్టి ఉంటే, ముందు వాళ్లకు ఫోన్ చేయండి.