చైనా పండితుల బల్ల మీది కళాఖండాలు – నాలుగవ పాఠం: మణికట్టు పలక

కిందటి పాఠంలో కుంచెలు నిలబెట్టే వెదురు గొట్టాన్ని పరిశీలించాం. ఈసారి దాని పక్కనే ఉండే మణికట్టు పలకను చూద్దాం. పూర్వం చైనాలో పైనుంచి కిందికి, కుడివైపు వరుసతో మొదలుపెట్టి ఎడమకు రాసేవారు గనుక, రాసే కుడిచేయి అప్పుడే రాసిన తడి సిరా మీదుగా కదలవలసి వచ్చేది. అంగీ చేతులు కూడా వెడల్పుగా ఉండేవి. అందుకే నిలువుగా చీల్చిన వెదురు ముక్కను బోర్లించి, దానిమీద మణికట్టు ఆనించి రాసేవారు. అలంకారమంతా ఆ ఉబ్బెత్తు వీపు మీదే ఉంటుంది.

పనితనం చూడబోయే ముందు వెదురును చదవడం రావాలి. ఎండిన బొంగు ముక్కను సన్నపళ్ల రంపంతో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, భూతద్దంతో చూడండి. ముదురు చుక్కలు కనిపిస్తాయి. అవి బయటి చర్మం దగ్గర కిక్కిరిసి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. అదే ముక్కను నిలువుగా చీలిస్తే ఆ చుక్కలే గీతలవుతాయి. కత్తి ఏటవాలుగా పోయిన చోట అవి నువ్వుగింజల్లా సాగి ఉంటాయి. అచ్చు పోసిన నకలులో పక్కన గీతలు ఉన్నా, అంచు తిరిగేచోట అవి చుక్కలుగా మారవు. ఈ ఒక్క పరీక్ష చేతికి పట్టుబడే దాకా ముందుకు పోవద్దని నా మనవి.

ఇక చెక్కడం. మింగ్ రాజవంశ కాలపు చివర షాంఘైకి చేరువలోని జ్యాడింగ్‌లో జూ హె, అతని కొడుకు జూ యింగ్, మనవడు జూ జిజెంగ్ లోతుగా, పొరలు పొరలుగా చెక్కే పద్ధతికి పేరు తెచ్చారు. జూ యింగ్ చెక్కిన అగరుబత్తుల గొట్టం ఒకటి 1966లో షాంఘై ప్రాంతపు బావోషాన్‌లోని ఒక సమాధిలో బయటపడింది. ఇప్పుడది షాంఘై మ్యూజియంలో ఉంది.

పదిహేడవ శతాబ్దికి చెందిన జాంగ్ షీహువాంగ్ పేరుతో ముడిపడిన ల్యూచింగ్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ఆ మాటకు ‘పచ్చదనాన్ని మిగల్చడం’ అని అర్థం. బొమ్మ ఉండేచోట మిల్లీమీటరు మందం కూడా లేని పైచర్మాన్ని ఉంచి, మిగతాది గీకివేస్తారు. కొండ శిఖరానికి చర్మం నిండుగా ఉంచి, పాదం దగ్గరకు వచ్చేసరికి కొద్దికొద్దిగా పలచబరిస్తే, కింది పీచు లీలగా కనిపించి అదే పొగమంచు అవుతుంది. కాలం గడిచేకొద్దీ చర్మం లేత పసుపుకు, లోపలి భాగం ఎర్రటి గోధుమరంగుకు తిరగడంతో బొమ్మ మరింత స్పష్టమవుతుంది. వెదురు పనులన్నింటిలో నాకు అత్యంత ప్రీతికరమైనది ఇదే.

ఇదే పలకను, వెదురు కణుపులను కూడా అనుకరిస్తూ, జేడ్ అనే గట్టి రాతితో చేసినవీ ఉన్నాయి. జేడ్‌ను కత్తితో చెక్కరు. దానికంటే గట్టి ఇసుకను నీటితో కలిపి, తిరిగే చక్రంతో అరగదీస్తారు. కనుక వెదురులో కత్తి ఆగిన మూల పదునుగా తేలితే, చక్రం తీసిన గాడి నడుమ లోతుగా ఉండి రెండు కొసల వద్ద తేలిపోతుంది.

అభ్యాసం: మీరు కోసిన బొంగు ముక్క అడ్డకోతను, నిలువుకోతను, ఏటవాలు కోతను పక్కపక్కన పెన్సిల్‌తో గీసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో జేడ్ నీటిపాత్రను చూసేటప్పుడు ఆ బొమ్మలతో పని ఉంటుంది.