తుఫాను కబురు రాగానే ముందు చూసుకోవాల్సినవి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాకు తుఫాన్ల కాలం. టార్చి, మంచినీళ్లు, మందులు ఎలాగూ అందరూ సర్దుకుంటారు. చాలామంది వదిలేసేవి ఇవి:

• సముద్రం పక్కన పల్లపు ఊరైతే, వెలుతురు ఉండగానే పునరావాస కేంద్రానికి వెళ్లిపోండి. అసలు భయం గాలి కాదు, ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో వేల మందిని పొట్టన పెట్టుకున్నది అదే. నీళ్లు రోడ్డెక్కాక బండి కదలదు. "ఇలాంటివి ఎన్ని చూళ్లేదు" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, ముందు వాళ్లను బయల్దేరదీయండి.

• గాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటికి రావద్దు. అది తుఫాను కన్ను, అంటే సుడి నడుమ గాలి నెమ్మదించే చోటు, కావచ్చు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. 2014లో హుద్‌హుద్ అప్పుడు విశాఖ చూసింది ఇదే.

• బోటుకు కాపలా అంటూ అందులోనే పడుకోవద్దు. తాళ్లు గట్టిగా కట్టి ఒడ్డెక్కండి.

• పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసి ఉంటే నీళ్లొచ్చినా తప్పించుకోలేవు.

• వరి కోసి పనల మీద ఉంటే వెంటనే కుప్ప వేసి టార్పాలిన్ కప్పండి. నానితే గింజ మొలకెత్తుతుంది.

• చేతిలో కొంత నగదు ఉంచుకోండి. కరెంటు, సెల్ టవర్లు పోతే ఫోన్‌పే పనిచేయదు.

• 1070 (రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్), 112 (అత్యవసర సాయం) నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే పక్కవాళ్ల ఫోన్ నుంచి చేయొచ్చు.