జీను కొనే ముందు గుర్రం వీపు కొలవడం ఎలా

పందేలు మానిన థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని సవారీకి తెచ్చుకునేవారు బెంగళూరులో తక్కువేమీ కాదు. ఆ జాతికి విదర్స్ అనే మూపు ఎత్తుగా, దాని వెనుక కండ పలుచగా ఉండడం సాధారణం కనుక, మరో గుర్రానికి అమరిన జీను దీనికీ అమరుతుందని అనుకోకూడదు. చాలామంది ముందు తమకు తగిన సీటు ఎంచుకుని, ఆ తరువాత గుర్రం వైపు చూస్తారు. ఈ వరుస తలకిందులైనది. వీపు మీద ఎంత చోటుందో తేలాకే సీటు సంగతి.

ఇంజనీరింగ్ డ్రాయింగుకు వాడే, వంచినట్టే నిలిచే 60 సెంటీమీటర్ల స్కేలు, చార్టు కాగితం, సుద్దముక్క ఉంటే చాలు. గుర్రాన్ని గట్టి సమతల నేల మీద, నాలుగు కాళ్ల మీదా బరువు సమానంగా పడేలా నిలబెట్టి, తల నేరుగా ఉండేలా సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, పట్టుకోవాలి. కదలకుండా ఉంటుందని గడ్డి వేయవద్దు. తల దించితే వీపు ఆకారమే మారిపోతుంది.

భుజపుటెముక వెనుక అంచును వేళ్లతో వెతికి సుద్దతో గీయాలి. సైసు ముందుకాలిని ఎత్తి ముందుకు చాపితే ఆ ఎముక పైభాగం వెనక్కు జరగడం మన అరచేతికి తెలుస్తుంది. ఆ కదలికకు చోటు వదలాలి కనుక స్కేలును వీపుకు అడ్డంగా వంచి తీసే మొదటి ఆకృతిని అంచుకు రెండు మూడు వేళ్ల వెనుక తీయాలి.

అందరూ వదిలేసేది వెనుక హద్దు. గుర్రానికి సాధారణంగా 18 జతల పక్కటెముకలు ఉంటాయి. డొక్కలోని మెత్తని భాగం నుంచి చేతిని ముందుకు జరిపితే మొదట తగిలే గట్టి అంచు చివరిదానిది. దాని వంపు వెంబడే వేళ్లను వెన్నెముక దాకా తీసుకుపోయి అక్కడ గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దాటితే నడుము వెన్నుపూసలకు పక్కటెముకల ఆసరా ఉండదు కనుక, జీను కింది మెత్తలు అంతకంటే వెనక్కు పోరాదు. రెండు గుర్తుల మధ్య దూరమే జీనుకు ఉన్న చోటు.

రెండో ఆకృతి వీపు బాగా పల్లంగా ఉన్నచోట, మూడోది చివరి పక్కటెముక దగ్గర, నాలుగోది మూపు నుంచి వెన్నెముక పొడవునా తీయాలి. స్కేలును ఒత్తి అమర్చి, సాగకుండా ఎత్తి, లోపలి అంచు వెంట కాగితం మీద గీసి, కుడి ఎడమలు, తేదీ రాయాలి. ఆ గీతను అట్ట మీదికి ఎక్కించి కత్తిరించి మళ్లీ వీపు మీద పెట్టి చూస్తే, సందు కనిపించిన చోట కొలత తప్పినట్టే. రెండు భుజాలు ఒకేలా లేకపోతే పెద్దవైపుకు తగినట్టు ట్రీ, అంటే జీను లోపలి గట్టి చట్రం, ఎంచుకుని, చిన్నవైపు మెత్త నింపించాలి.

జీనుల తయారీకి పేరున్న కాన్పూరు నుంచి తెప్పించుకునేవారు ఈ కాగితాలతో పాటు పక్కనుంచి తీసిన ఫొటో కూడా పంపడం మంచిది. జీను వచ్చాక కింద ఏమీ వేయకుండా పెట్టి, మనిషి ఎక్కినప్పుడు మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు, వెన్నెముక మీద మెత్తల మధ్య మూడు నాలుగు వేళ్లు పడుతున్నాయో లేదో చూడాలి. కొత్త సాధనతో గుర్రానికి కండ పడుతుంది కాబట్టి మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ కొలవాలి.