వార్డులో అడ్డంకుల సర్వే: కొలిచేదీ లెక్క తేల్చేదీ వికలాంగులే కావాలి

విజయవాడలో చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండ మీది ఇళ్లకు మెట్లే దారి. అక్కడ వికలాంగులకు ఎదురయ్యే అడ్డంకుల సర్వేలో ‘వార్డు సచివాలయానికి ర్యాంపు ఉందా’ అని మాత్రమే అడిగితే అసలు సమస్య దొరకదు. కొండ దిగలేని మనిషికి కింద ర్యాంపు ఉన్నా లేకున్నా ఒకటే. ఏం అడగాలో మొదటి సమావేశంలోనే వికలాంగులు తేల్చాలి. ప్రశ్నలన్నీ రాసేశాక పిలిచి చూపించడం సరిపోదు.

బృందం ఆరుగురు, ఎనిమిది మంది ఉంటే చాలు. వీల్‌చైర్ వాడేవారు, చూపు లేనివారు, వినికిడి లేనివారు, మేధో వైకల్యం ఉన్నవారు తప్పకుండా ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్లయితే మంచిది. సైగల భాష తెలిసినవారి ఖర్చు, ఆటో ఛార్జీలు, రోజు కూలి ముందే బడ్జెట్‌లో రాయండి. పనిచేసిన మనిషికి డబ్బివ్వకుండా ‘భాగస్వామ్యం’ అనడం అన్యాయం.

ఇంటింటికీ వెళ్లినప్పుడు ‘మీ ఇంట్లో వికలాంగులున్నారా’ అని అడగకండి. సర్టిఫికెట్, పెన్షన్ ఉన్నవాళ్ల గురించే అనుకుని చాలామంది లేరనేస్తారు. వైకల్యం లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి ఏర్పాటుచేసిన వాషింగ్టన్ గ్రూప్ తయారుచేసిన ఆరు ప్రశ్నలు వాడండి: చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, సొంత పనులు, ఎదుటివారితో మాట్లాడి అర్థం చేసుకోవడం. ఒక్కోదానికి జవాబు నాలుగు రకాలు: ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా చివరి రెండింటిలో ఒకటి వస్తే లెక్కలోకి తీసుకోండి. మానసిక సమస్యలున్నవారు ఈ ఆరింటికి సరిగా చిక్కరు, వాళ్లకు వేరే ప్రశ్నలు కలపాలి. పిల్లలకైతే యూనిసెఫ్‌తో కలిసి ఆ గ్రూప్ చేసిన ప్రత్యేక ప్రశ్నలున్నాయి. ఇంటి పెద్ద అందరి తరఫునా జవాబు చెప్పేస్తుంటే ఆపి, ఎవరి మాట వాళ్లనే చెప్పనివ్వండి. పెన్షన్ కోసం వచ్చిన సర్వే కాదని గడపలోనే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఆశపడి చెప్పిన జవాబులే మిగులుతాయి.

అనుమతి పత్రాన్ని చూపు లేనివారికి చదివి వినిపించండి, వినికిడి లేనివారికి సైగల్లో చెప్పండి. అర్థమైందో లేదో చూడకుండా వేలిముద్ర వేయించుకుంటే అది అనుమతి కాదు. పేర్ల జాబితా ఒకచోట, జవాబులు ఇంకోచోట ఉంచి నంబర్లతో కలపండి.

ఇక కొలతలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. అంటే గుమ్మం 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. ఆ పొడవును వాలు మీద కాకుండా నేలకు సమాంతరంగా కొలవండి. స్థలం లేదని రెండు మీటర్లలో కట్టేసిన ర్యాంపు మీద వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొట్టవచ్చు, అలాంటిదాన్ని ‘ఉంది’ గడిలో రాయకండి. వెడల్పు కనీసం 1.2 మీటర్లు, తలుపు దారి 90 సెంటీమీటర్లు. తలుపును పూర్తిగా తెరిచి, ఖాళీ ఎంతుందో అంతే రాసుకోవాలి. చట్రం కొలిస్తే లెక్క పెరుగుతుంది. టాయిలెట్‌కు తాళం వేసి ఉంటే ‘లేదు’ అనే రాయండి. మెట్ల దారుల్లో మెట్లెన్నో, ఒక్కో మెట్టు ఎత్తెంతో, రెయిలింగ్ ఎక్కడ ఆగిపోయిందో రాసుకోండి. బీసెంట్ రోడ్డు లాంటి దుకాణాల వీధుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవాలి, సరుకులు బయటికి వచ్చాక దారి మారిపోతుంది.

ఫలితాలను ముందు వార్డు వాళ్ల సమావేశంలో చదవండి, తప్పులు వాళ్లే పట్టుకుంటారు. తర్వాత సచివాలయంలో, నగరపాలక సంస్థలో ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక కాపీ ఇవ్వండి. అర్జీలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ రాయాలి. ప్రజలు వాడే పాత భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందుబాటులోకి తేవాలంటుంది అది. ఆ నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు తీరిపోయింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

మరమ్మతు మొదలైతే సిమెంటు పోయకముందే బృందం టేపుతో వెళ్లాలి. గట్టిపడ్డ ర్యాంపును పగలగొట్టించడానికి మళ్లీ మొదటినుంచీ తిరగాల్సి వస్తుంది.