కాలిన యురేనియంలో ఏం మిగులుతుంది? కిరోసిన్ సీసాతో చూపించే పద్ధతి

మా రణస్థలం మండలంలో, అణు విద్యుత్ కేంద్రం కడతామంటున్న కొవ్వాడ మాట రాని వారం ఉండదు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు: "కాలిపోయాక ఏటి మిగుల్తాది మాస్టారూ?" అప్పటినుంచి ఏటా ఇలా చూపిస్తున్నాను.

ముందు 100 గింజలు లెక్కపెట్టించండి: 95 ఉలవలు, 1 మిరియం, 4 పెసలు. తేలికనీటి (అంటే మామూలు నీటితో నడిచే) రియాక్టర్‌లో వాడిన ఇంధనం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఉలవలు యురేనియం, మిరియం రియాక్టర్‌లోనే యురేనియం నుంచి పుట్టిన ప్లుటోనియం, పెసలు విచ్ఛిత్తి ఉత్పన్నాలు, అంటే పరమాణువులు చీలగా మిగిలిన ముక్కలు.

వీటిని వేరుచేసే అసలు ప్లాంటులో, వాడిన ఇంధనాన్ని ఏళ్ల తరబడి నీటి కొలనులో చల్లార్చి, ముక్కలు కోసి, వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. అంతా మందపాటి కాంక్రీటు గోడల వెనక జరుగుతుంది. మనం చూపించగలిగేది ఆ తర్వాతి మెట్టు.

మూత గట్టిగా పడే గాజుసీసాలో సగం నీళ్లు పోయండి. ఆకులో పిండిపదార్థం పరీక్షకు వాడే అయోడిన్ ద్రావణం పలచని టీ రంగు వచ్చేవరకే కలపండి. మొదటి ఏడాది నేను ఎక్కువ పోసేశాను, నీళ్ల రంగు తగ్గనే లేదు. చిటికెడు ఆకుపచ్చ మిఠాయి రంగు కూడా వేయండి. పైన కిరోసిన్ పోయండి. పాత రేషన్ నీలి కిరోసిన్ వద్దు, తెల్లదే కావాలి. టర్పెంటైన్ అసలు వాడొద్దు, అది అయోడిన్‌తో చర్య జరుపుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు.

మూతపెట్టి ఊపి, తేరనివ్వండి. కిరోసిన్ గులాబీ రంగుకు వస్తుంది, ఆకుపచ్చ నీళ్లలోనే ఉండిపోతుంది. ప్యూరెక్స్ పద్ధతి ఇదే: నూనెలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ యురేనియం, ప్లుటోనియాలను లాక్కుంటుంది, విచ్ఛిత్తి ఉత్పన్నాలు ఆమ్లంలో మిగులుతాయి. ముంబైలోని ట్రాంబేలో 1964లో మొదలుపెట్టింది ఈ పనే.

గులాబీ కిరోసిన్‌ను సిరంజితో వేరే సీసాలోకి తీసి, విటమిన్ సి మాత్ర కరిగించిన నీళ్లతో ఊపండి. రంగు పోతుంది. అయోడిన్ అయొడైడ్‌గా మారి నీళ్లలోకి దిగిపోయింది. ప్లుటోనియాన్నీ ఇలాగే క్షయకరణం చేసి ఆమ్లంలోకి దింపుతారు, యురేనియం నూనెలోనే ఉంటుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన నిమిషం ఇది. ఇలా వేరుచేసిన ప్లుటోనియంతోనే కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌కు (వాడినదానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించేది) ఇంధనం తయారవుతుంది.

ఇక్కడితో ఆపేస్తే పిల్లలకు సగం నిజమే చెప్పినట్టు. ఆకుపచ్చ నీళ్ల సీసాను మళ్లీ చేతికివ్వండి. అసలు ప్లాంటులో దాన్ని గాజులో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి కాపాడాలి. అందులోని సీసియం-137 సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. కొన్నిటికి వేల ఏళ్లు.