మరింబా, లైవ్ ఎలక్ట్రానిక్స్ కచేరీకి సిద్ధం కావడం ఎలా

మరింబా అంటే చెక్క పలకలను మ్యాలెట్లతో, అంటే చివర ఉండ ఉన్న కర్రలతో, కొట్టి వాయించే వాద్యం; పలకల కింద నాదాన్ని పెంచే గొట్టాలు ఉంటాయి. పలక మీద మ్యాలెట్ తగలగానే నాదం ఒక్కసారిగా పుట్టి, ఆ వెంటనే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. ఐదు స్థాయిల వాద్యంలో మంద్రపు పలకలు కొంతసేపైనా మోగుతాయి గానీ, పై చివర ఉన్న పలకల ధ్వని కొట్టిన మరుక్షణమే ఆరిపోతుంది. స్వరాన్ని నిలపాలంటే అదే పలకను వేగంగా మళ్లీమళ్లీ కొడుతూ రోల్ వాయించాలి. ఆరిపోతున్న ఆ నాదాన్ని అందుకుని సాగదీయడం, మడతపెట్టడం, మరో రూపంలో తిరిగి వినిపించడం ఎలక్ట్రానిక్స్ పని. ఎలక్ట్రానిక్ ధ్వని మరింబాలోంచే పుడుతున్నట్టు శ్రోతకు అనిపించాలి; సన్నాహమంతా అందుకోసమే.

ముందుగా రచన ఏ కోవకు చెందినదో తేల్చుకోండి. ఆస్ట్రేలియా స్వరకర్త మార్టిన్ వెస్లీ-స్మిత్ 1982లో రాసిన 'ఫర్ మరింబా అండ్ టేప్' వంటి రచనల్లో రికార్డు ముందే సిద్ధంగా ఉంటుంది, వాదకులే దాని కాలప్రమాణానికి కట్టుబడి వాయించాలి. నిజమైన లైవ్ ఎలక్ట్రానిక్స్‌లో మాత్రం మైకు అందుకున్న ధ్వనిని ల్యాప్‌టాప్ అప్పటికప్పుడే మారుస్తుంది. ఇందుకు ఎక్కువమంది వాడేది మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్. ప్యారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో 1980ల్లో దీనికి రూపమిచ్చిన మిల్లర్ పకెట్, తరువాత ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కూడా తయారుచేశారు. కొత్తగా నేర్చుకునేవారు దానితోనే మొదలుపెట్టవచ్చు.

మైకుల అమరికను సౌండ్ ఇంజినీరుకు వదిలేయకండి, ఎందుకంటే అది కూడా సంగీత నిర్ణయమే. జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ 1964లో 'మిక్రోఫోనీ 1' అనే రచనలో టామ్‌టామ్ అనే పెద్ద లోహపు గంట పళ్లెం చుట్టూ మైకులను చేతులతో కదిలించే పనిని ప్రత్యేకంగా వాదకులకే అప్పగించారు. మరింబాకు రెండు కండెన్సర్ మైకులను పలకల పైన, మ్యాలెట్లు తగలనంత ఎత్తులో, మంద్రానికి ఒకటి, తారస్థాయికి ఒకటి చొప్పున అమర్చండి. మంద్రస్వరాలు పలుచగా వినిపిస్తే గొట్టాల దగ్గర, కింద మరొకటి పెట్టండి. పలకకు నేరుగా అంటించే మైకు స్పీకర్ల ధ్వనిని తక్కువగా పట్టుకుంటుంది గానీ, దాని బరువు వల్ల పలక మోగే తీరు మారవచ్చు. మైకులు గీపెట్టకుండా ఉండాలంటే స్పీకర్లను వాటికంటే ముందుకు, సభవైపు తిప్పి ఉంచాలి. అయితే వాద్యానికి మరీ దూరం చేస్తే ధ్వని రెండుగా చీలిపోయినట్టు వినిపిస్తుంది.

చాలామంది పట్టించుకోని విషయం శ్రుతి. జలతరంగంలో కాసిని నీళ్లు పోసో తీసో శ్రుతి సరిచేసుకోవచ్చు. మరింబా శ్రుతి మారాలంటే చెక్కనే చెక్కాలి, కాబట్టి సాఫ్ట్‌వేరే వాద్యానికి లొంగాలి. చాలా మరింబాలను 'ఏ' స్వరం 442 హెర్ట్జ్ ఉండేలా తయారుచేస్తారు. సాఫ్ట్‌వేర్ మామూలుగా 440తో మొదలవుతుంది. ఆ రెండూ కలిసి మోగితే సెకనుకు రెండుసార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. పొడవైన ఆధారశ్రుతి మీద మరింబా వాయించే చోట ఈ తేడా చెవిని బాధిస్తుంది. కచేరీ జరిగే గదిలోనే, దీపాలు వెలిగించి కాసేపయ్యాక కొలిచి, ఆ సంఖ్యను సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి.

మైకు అందుకున్న ధ్వని మారి స్పీకర్లలోంచి వచ్చేలోపు జరిగే ఆలస్యాన్ని కూడా లెక్కకట్టండి. సెకనుకు 48,000 నమూనాల వేగంలో 256 నమూనాల బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క) అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు, ధ్వని లోపలికి వచ్చి బయటికి వెళ్లేసరికి అది కనీసం రెట్టింపవుతుంది. ప్రతిధ్వనికి ఇది ఇబ్బంది కాదు గానీ, దెబ్బతో పాటే మోగాల్సిన ధ్వనికి బఫర్ తగ్గించక తప్పదు.

సాధన మొదటిరోజు నుంచే ఎలక్ట్రానిక్స్‌తో చేయండి. ఘట్టాలు మార్చే కాలి పెడల్‌ను కూడా స్వరాల్లాగే కంఠస్థం చేయాలి, ఎందుకంటే ఐదు స్థాయుల వాద్యం ముందు వాదకులు అటూ ఇటూ అడుగులు వేస్తూనే ఉంటారు. అవసరమైతే రెండు చివరలా రెండు పెడల్స్ పెట్టుకోండి. చివరి స్వరం తరువాత స్పీకర్లలో ధ్వని పూర్తిగా ఆరేవరకు మ్యాలెట్లను కదపకండి. మైకులు ఇంకా తెరిచే ఉంటాయి గనుక, మ్యాలెట్లను కింద పెట్టిన చిన్న చప్పుడు కూడా సభంతా తిరిగి వినిపిస్తుంది.